ఉచిత సాధనాలు - ఉపాధ్యాయుని విచక్షణ

విద్యాబోధనకు వెలలేని సాధనాలు కావలెనన్న కోరిక ఈనాటిది కాదు. వీధిబడులు నడచిన కాలంలో పిల్లవాని మొదటి పలక ఇసుక. నేలపై ఇసుక పరచి వ్రేలితో ఓనమాలు దిద్దించేవారు. తప్పు పోతే అరచేతితో చెరిపి మరల వ్రాయించేవారు. స్కాట్లండు నుండి వచ్చిన ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర శరణాలయానికి అధికారియైనాడు. దాపున ఒక దేశీయ పాఠశాలలో పిల్లలు ఇసుకపై అక్షరాలు దిద్దుకొనటం చూచి, తన బడిలోనూ ఆ పద్ధతి ప్రవేశపెట్టినాడు. వచ్చిన పిల్లలచేత రాని పిల్లలకు చెప్పించే ఏర్పాటును దానికి జోడించి, 1797లో లండనులో ఒక చిన్న పుస్తకం ప్రకటించినాడు. 'మద్రాసు పద్ధతి' అనే పేరుతో అది ఇంగ్లండులోని బీదపిల్లల బడులకు వ్యాపించినది.

ఇసుక ఇంగ్లండులోనూ ఉన్నది. అది పలక కాగలదని కనుగొన్న దృష్టి మాత్రం ఇక్కడి బడిపంతులుది. ఉచితంగా లభించే వస్తువు తనంతట తాను విద్యాసాధనం కాదు; ఉపాధ్యాయుడు దానిని ఏ పనికి వినియోగిస్తున్నాడన్నదే దానికి విలువ కడుతుంది. నేడు అంతర్జాలం ద్వారా తరగతి గదికి వచ్చి చేరుతున్న ఉచిత సాధనాల విషయంలో ఈ మాట మరింత గట్టిగా చెప్పుకొనవలసి ఉన్నది. ఏలయన, ఇసుక ఎవరికీ లెక్క చెప్పవలసిన వస్తువు కాదు. ఈ కొత్త సాధనాల వెనుక మాత్రం ఎవరో ఒకరు యజమానులున్నారు.

నిఘంటువు చేతికి అందినది

తెలుగు ఉపాధ్యాయునికి కలిగిన మేలునే ముందుగా పరిశీలించవచ్చును. ఒక తరం క్రిందటి వరకు సూర్యరాయాంధ్ర నిఘంటువు ఎనిమిది సంపుటాలూ ఉన్న కళాశాల గ్రంథాలయం అదృష్టవంతమైనదనే చెప్పాలి. ఉన్నచోట కూడ అవి బీరువాలో ఉండేవి; బీరువా తాళంచెవి మరొకరి వద్ద ఉండేది. విద్యార్థి వాటిని ముట్టుకొనటం అరుదు. నేడు బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరం, బ్రౌను దొర 1852లో ప్రకటించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదలైనవాటిని 'ఆంధ్రభారతి' వారి చోట ఒక్కసారిగా వెదకవచ్చును. బ్రౌను నిఘంటువును అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయం వారు కూడ తమ దక్షిణాసియా గ్రంథ విభాగంలో అందరికీ అందుబాటులో ఉంచినారు. పల్లెటూరి విద్యార్థి తన ఫోనులో ఒక మాట కొట్టి, మూడు నాలుగు నిఘంటువుల సాక్ష్యాన్ని ఒక్క నిమిషంలో ఎదుట పెట్టుకొనగలుగుతున్నాడు.

దీనివల్ల పాఠం చెప్పే తీరే మారటానికి అవకాశం ఉన్నది. అర్థవిపరిణామం అనే పాఠ్యాంశం తీసుకొందాం. నూనె అంటే మొదట నువ్వుల నెయ్యి మాత్రమే, నేడు ఆముదం మొదలు కొబ్బరినూనె వరకు అన్నీ నూనెలే; చెంబు అంటే మొదట రాగి, ఆపైన రాగిపాత్ర, నేడు ఇత్తడిదైనా ఉక్కుదైనా చెంబే; కోక అంటే ఒకనాడు ఏ వస్త్రమైనా కావచ్చును, నేడు అది స్త్రీలు కట్టుకొనే చీరకే పేరు; కంపు అంటే పూర్వకవులకు పరిమళం కూడ, మనకు దుర్గంధం. ఈ నాలుగు ఉదాహరణలు ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉన్నవి. ఏటేటా విద్యార్థులు వాటిని వల్లెవేసి, పరీక్షలో వ్రాసి, మరచిపోతున్నారు. ఐదవ ఉదాహరణ తామే కనుగొనవచ్చునన్న ఊహ వారికి రాదు.

తరగతిలో నలభైమంది ఉన్నారనుకొందాం. గూగుల్ షీట్స్ వంటి ఉమ్మడి పట్టిక ఒకటి తెరచి, ఒక్కొక్కరికి రెండేసి మాటలు పంచవచ్చును. పట్టికలో ఐదు గడులు చాలును: మాట, పాత అర్థం, ఆ అర్థం ఇచ్చిన నిఘంటువు పేరు, నేటి అర్థం, తమ ఊరిలో ఇంటి పెద్దలు వాడే అర్థం. వారం తిరిగేసరికి ఎనభై మాటల చరిత్ర ఒకచోట చేరుతుంది. చివరి గడియే ఈ పనికి ప్రాణం. నిఘంటువు ఎరుగని అర్థం నాయనమ్మ నోట వినిపించవచ్చును. ఒక జిల్లా పిల్లవాడు సొరకాయ అన్నదానినే ప్రక్క బల్లమీది పిల్లవాడు ఆనపకాయ అంటున్నాడని తెలిసినప్పుడు, మాండలికం అనే పదానికి నిర్వచనం చెప్పవలసిన శ్రమ ఉపాధ్యాయునికి సగం తగ్గుతుంది. ఇక్కడ సాధనం పాఠం చెప్పలేదు. పిల్లలను పరిశోధనకు కూర్చోబెట్టినది. ఉచిత సాధనాలకు ఇంతకంటె గౌరవప్రదమైన ఉపయోగం లేదు.

సమాధానం ముందా, సాధన ముందా?

ఇదే మేలు ఒక్కొక్కప్పుడు కీడుగా పరిణమిస్తుంది. ఛందస్సు విషయం చూడండి. పద్యం వ్రాసి ఇస్తే గణవిభజన చేసి, యతిప్రాసలు సరిచూచి, అది ఏ వృత్తమో చెప్పే 'ఛందం' అనే సాధనం అంతర్జాలంలో ఉచితంగా లభిస్తున్నది. తెలుగు ఛందస్సుపై అభిమానంతో ఇంతటి పని తలపెట్టటం ఎంతో మెచ్చదగినది. పద్యరచన అభ్యసించేవానికి అది అర్ధరాత్రి కూడ విసుగుకొనని గురువు. కాని గురులఘువులు గుర్తించటమే ఇంకా రాని విద్యార్థి చేతికి దానిని ముందుగా ఇస్తే, అతనికి తెలిసేది పద్యం పేరు మాత్రమే. ఉత్పలమాలలో భ ర న భ భ ర వ అనే గణాలున్నవని యంత్రం చూపుతుంది. పదవ అక్షరం వద్ద యతిమైత్రి కుదిరినప్పుడు చెవికి కలిగే తృప్తిని అది చూపలేదు. ఆ తృప్తి నోటితో చదివి, వ్రేళ్ళపై లెక్కపెట్టి, రెండుసార్లు తప్పి మూడవసారి సరిచేసుకొన్నవానికే దక్కుతుంది.

కనుక క్రమం ముఖ్యం. ముందు పుస్తకంపై చేతితో గణవిభజన. తరువాత యంత్రంతో సరిచూచుకొనటం. తేడా వచ్చినచోట ఎవరిది తప్పో తరగతిలో చర్చించటం. వెనుకటి రోజులలో బజారు నోట్సులు ఉండేవి. తాత్పర్యాలు వాటినుండి ఎత్తి వ్రాసే విద్యార్థిని ఉపాధ్యాయుడు ఇట్టే పట్టుకొనేవాడు. ఏలయన, తప్పు అందరి పుస్తకాలలోనూ ఒకే విధంగా ఉండేది. 2022 చివరనుండి ప్రచారంలోకి వచ్చిన కృత్రిమ మేధ సాధనాలు ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా వ్రాసి ఇస్తున్నవి. లేని పద్యాన్ని ఉన్నట్లు చెప్పటానికి కూడ అవి జంకవు. దీనికి నిషేధం ఒక్కటే మందు కాదు. అడిగిన ప్రతి మాటకు ఆధారం చూపుమనే అలవాటు, పైన చెప్పిన పట్టికలోని మూడవ గడి వంటిది, విద్యార్థికి చిన్ననాడే అబ్బవలసి ఉన్నది.

పాతపుస్తకానికి కొత్త అచ్చు

ఉచిత సాధనాలలో విద్యార్థికి పుచ్చుకొనటమే కాక, ఇచ్చుకొనటం కూడ నేర్పేవి కొన్ని ఉన్నవి. తెలుగు వికీసోర్సు అట్టిది. మన దేశపు చట్టం ప్రకారం రచయిత మరణించిన తరువాత అరవై సంవత్సరాలకు అతని రచనలపై హక్కులు ముగిసి, అవి అందరి సొత్తు అవుతవి. 1915లో కన్నుమూసిన గురజాడ అప్పారావుగారి రచనలు, 1919లో కన్నుమూసిన వీరేశలింగం పంతులుగారి రచనలు అట్లా ఎన్నడో జాతి సొత్తయినవి. వికీసోర్సులో అటువంటి గ్రంథాల పుటల చిత్రాన్ని ఒకవైపు, దానిని యంత్రం చదివి కూర్చిన పాఠాన్ని మరొకవైపు ఉంచుతారు. యంత్రం ధ-థల వంటి దగ్గరి రూపాలను తారుమారు చేస్తుంది, అరసున్నను మింగివేస్తుంది, బండి ఱను చూచి తడబడుతుంది. ఒకరు పుటను మూలంతో పోల్చి దిద్దుతారు. మరొకరు దానిని తిరిగి సరిచూచి ఆమోదిస్తారు. దిద్దిన పుట పసుపు రంగు గుర్తును, ఆమోదం పొందిన పుట ఆకుపచ్చ గుర్తును ధరిస్తుంది.

ఒక విద్యార్థి సంవత్సరంలో పది పుటలు దిద్దితే చాలును. వర్ణక్రమం గురించి పది ఉపన్యాసాలు విన్నదానికంటె అతనికి ఎక్కువ పట్టుబడుతుంది. నూరేళ్ళనాటి వాక్యాన్ని అక్షరం అక్షరం చదివినవానికి ఆ వాక్యపు నడక వంటపడుతుంది. పైగా, అతడు దిద్దిన పుట పరీక్షల అనంతరం చిత్తుకాగితాలలో కలిసిపోదు. మరొక ఊరిలో, మరొక దేశంలో ఉన్న తెలుగువాడు దానిని చదువుకొంటాడు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఆదివారంనాడు తెలుగు నేర్చుకొనే పిల్లవానికి, ఇక్కడి కళాశాల విద్యార్థి దిద్దిన కథ పాఠం కావచ్చును. విద్యార్థి కృషికి ఇంతటి పాఠకలోకం మునుపెన్నడూ లేదు.

తరగతి నిర్వహణ

ఇక పాఠం కాక, పాఠం చుట్టూ ఉండే పని సంగతి. హాజరు, అభ్యాసాల పంపిణీ, గడువు, దిద్దుబాటు, మార్కుల లెక్క - ఇవి ఉపాధ్యాయుని సాయంకాలాలను తినివేసే పనులు. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియామాస్ రూపొందించి 2002లో విడుదల చేసిన 'మూడుల్', గూగుల్ వారు 2014లో తెచ్చిన 'క్లాస్‌రూమ్' ఈ భారాన్ని తగ్గించటానికి పుట్టినవే. అభ్యాసం ఒకచోట ఉంచితే అందరికీ ఒకేసారి చేరుతుంది. ఎవరు ఇచ్చినారు, ఎవరు ఇవ్వలేదు అన్నది వెదకకుండానే కనిపిస్తుంది. బహుళైచ్ఛిక ప్రశ్నలను యంత్రమే దిద్దుతుంది. మిగిలిన కాలాన్ని ఉపాధ్యాయుడు వ్యాసాలు దిద్దటానికి వినియోగించవచ్చును. ఏలయన, వ్యాసం దిద్దటం మనిషి పని.

మన కళాశాలలలో వాస్తవంగా నడుస్తున్నది మాత్రం వాట్సాప్ బృందం. అది ప్రతివాని చేతిలోనూ ఉన్నది, నేర్పవలసిన పని లేదు. కాని శుభోదయాల నడుమ, పుట్టినరోజు అభినందనల నడుమ పరీక్ష తేదీ కొట్టుకొని పోతుంది. కబురు చెప్పటానికి వాట్సాప్. కాగితాలు దాచటానికి వేరొక చోటు. ఈ చిన్న విభజన పాటించిన తరగతిలో సగం గందరగోళం తగ్గుతుంది.

ఉచితం మూడు విధాలు

ఇంతవరకు చెప్పిన మేలంతా నిజమే. అయితే ఉచితం అన్న మాట ఒకటే అయినా దాని వెనుకనున్న ధర్మాలు వేరు. మొదటిది దానం: వికీసోర్సు, ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటివి విరాళాలపై, స్వచ్ఛంద సేవకుల శ్రమపై నడుస్తవి. 2017లో కేంద్రప్రభుత్వం ఆరంభించిన 'దీక్ష', 'స్వయం' ప్రజాధనంతో నడుస్తవి. రెండవది స్వాతంత్ర్యం: మూడుల్ వంటిదానిని ఎవరైనా తెచ్చుకొని, తమ కళాశాల యంత్రంలో పెట్టుకొని, తమకు కావలసినట్లు మార్చుకొనవచ్చును. కాని దానంగా వచ్చిన ఆవుకైనా గడ్డి వేయక తప్పదు. దానిని చూచుకొనే మనిషి ఒకరు కావలెను. మూడవది వ్యాపారం: నేడు ఉచితంగా ఇచ్చి, అలవాటైన పిదప వెల కట్టటం, లేక లాభం లేదని మూసివేయటం, లేక వాడేవారి వివరాలనే వెలగా తీసుకొనటం.

మూడవదాని చరిత్ర తెలిసిన ఉపాధ్యాయుడు జాగ్రత్త పడతాడు. తరగతులకు చర్చావేదికలు కల్పించుకొనే వీలిచ్చిన 'నింగ్' సంస్థ 2010లో ఉచిత సేవను నిలిపివేసినది. 2005లో పుట్టి, ప్రపంచమంతటా ఉపాధ్యాయులు పాఠాలు దాచుకొన్న 'వికీస్పేసెస్' 2018లో ఉచిత పుటలను మూసివేసినది. 2008లో షికాగోలో మొదలై కోట్ల విద్యార్థులను చేర్చుకొన్న 'ఎడ్మోడో' 2022 సెప్టెంబరు 22న మూతపడినది. అంతటితో ఆ కథ ముగియలేదు. తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల వివరాలు సేకరించి ప్రకటనలకు వాడుకొన్నదన్న అభియోగంపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను 2023లో ఆ సంస్థపై 60 లక్షల డాలర్ల జరిమానా కోరుతూ చర్య తీసుకొన్నది. విద్యాసంస్థలకు అపరిమితమని చెప్పిన గూగుల్ నిల్వ, 2022 నుండి సంస్థకు 100 టెరాబైట్ల ఉమ్మడి పరిమితికి లోబడినది. తెరపై వ్రాసి చూపటానికి బడులు వాడుకొన్న ఆ సంస్థవారి 'జామ్‌బోర్డు' 2024తో ముగిసినది.

మూతపడిన ప్రతిచోట నష్టపోయినది సంస్థ ఒక్కటే కాదు. ఏళ్ళ తరబడి కూర్చుకొన్న పాఠాలు, పిల్లలు వ్రాసిన వ్యాసాలు, ఉపాధ్యాయుడు అంచులలో వ్రాసిన దిద్దుబాట్లు సకాలంలో తీసుకొని దాచుకొననివారికి దక్కలేదు. దానంగా వచ్చినవాటికి కూడ ఆపద లేకపోలేదు. 2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్‌పై దాడి జరిగి కొన్ని రోజులు అది అందుబాటులో లేదు. అయితే మన 'డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా' వారు స్కాను చేయించిన వేలాది తెలుగు గ్రంథాల ప్రతులు, దాని మొదటి చిరునామాలు మూతపడిన తరువాత కూడ మనకు లభిస్తున్నవంటే, అవి ఆ ఆర్కైవ్‌లో మరొక ప్రతిగా నిలిచినందువల్లనే. తాళపత్రాల కాలంలోనైనా ఇదే నీతి: ఒక్కచోట ఉన్న గ్రంథాన్ని చెదలు తిన్నవి, నాలుగుచోట్ల ప్రతులు వ్రాయించిన గ్రంథం బ్రతికినది.

అడుగవలసిన ఐదు ప్రశ్నలు

కనుక ఏ ఉచిత సాధనమైనా తరగతిలో అడుగు పెట్టకముందు ఉపాధ్యాయుడు ఐదు ప్రశ్నలు వేసుకొనటం మేలు.

మొదటిది: దీనిని ఎవరు పోషిస్తున్నారు? పోషణ తెలియని చోట పాఠాలు కుదువపెట్టరాదు.

రెండవది: ఇందులో పెట్టినదానిని తిరిగి తీసుకొని పోవచ్చునా? యూనికోడు లిపిలో, మామూలు పాఠ్యంగానో పట్టికగానో దింపుకొనే వీలున్నదే మంచి సాధనం. యూనికోడులో తెలుగుకు 1991 నుండి స్థానం ఉన్నది. దానికి వెలుపలనున్న పాత అచ్చులిపులతో కూర్చిన పాఠాలు, ఆ లిపి లేని యంత్రంలో పిచ్చిగీతలుగా కనిపించటం తెలుగు ఉపాధ్యాయులకు కొత్త అనుభవం కాదు.

మూడవది: విద్యార్థి బదులుగా ఏమి ఇస్తున్నాడు? 2023లో మన పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 సంవత్సరాలు నిండనివారిని పిల్లలుగానే పరిగణించి, వారి వివరాలు తీసుకొనటానికి తల్లిదండ్రుల సమ్మతి కావలెనంటున్నది. ఇంటర్మీడియెట్ విద్యార్థులు చాలమంది ఈ వయసువారే. పేరు, ఫోను నంబరు, పుట్టినతేదీ అడిగే సాధనంకంటె ఏమీ అడుగని సాధనం మేలు. తప్పనిసరియైతే వరుససంఖ్య చాలును.

నాలుగవది: తరగతిలో అందరికంటె బీద విద్యార్థికి ఇది అందుతుందా? 2020లో బడులు మూతపడినప్పుడు తెలంగాణ ప్రభుత్వం టి-శాట్ ద్వారా, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు ప్రసారం చేయవలసి వచ్చినది. అందరి ఇళ్ళలోనూ టెలివిజన్ ఉన్నంతగా ఫోను లేదు కనుక. ఇంటిల్లిపాదికి ఒక్క ఫోను ఉండి, అది తండ్రితో పనికి వెళ్ళిపోయే ఇంట్లో, రాత్రి తొమ్మిదింటికి గడువు పెట్టిన అభ్యాసం చదువుకు పరీక్ష కాదు, పేదరికానికి పరీక్ష. ముగ్గురికొక బృందం ఏర్పరచటం, కళాశాల గ్రంథాలయంలో పని చేయించటం, కాగితంపై ఇచ్చినా స్వీకరించటం - ఇవి సాంకేతిక పరిష్కారాలు కావు, కాని న్యాయమైనవి.

ఐదవది: ఇది లేకపోతే పాఠానికి లోటా? లోటు లేదనిపిస్తే సుద్దముక్కే ఉత్తమం. సాధనం ఉన్నది కదా అని పాఠం వెదకటం, గొడుగు కొన్నందుకు వాన కోసం ఎదురుచూడటం వంటిది.

ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పుకొన్న పిదప స్వీకరించిన సాధనంలో కూడ, ప్రతి సంవత్సరాంతాన పాఠాలను, పట్టికలను, విద్యార్థుల వ్యాసాలను దింపి, కళాశాలలో ఒక ప్రతి, ఉపాధ్యాయునివద్ద ఒక ప్రతి ఉంచటం నియమంగా పెట్టుకొనవలెను. దీనికి పట్టేది ఒక పూట. విద్యార్థి వ్యాసాన్ని అతనికి తిరిగి అప్పగించటం కూడ మరువరాదు. అది అతని సొత్తు.

ఉచితంగా లభించే దేనినైనా ఎవరో శ్రమించి నిలబెట్టినారు. నిఘంటువులను ఆరోపం ఆరోపంగా ఎక్కించినవారు, పాతపుస్తకాల పుటలు దిద్దినవారు, ఛందస్సును యంత్రానికి నేర్పినవారు బహుశా తమ ఉద్యోగాలు ముగించుకొని రాత్రివేళ ఆ పని చేసినారు. వారి ఋణం డబ్బుతో తీరేది కాదు. ఒక ఉపాధ్యాయుడు తన పాఠాన్ని శుభ్రంగా యూనికోడులో వ్రాసి పదిమంది వాడుకొనేటట్లు ఉంచితే, తన విద్యార్థులచేత ఒక పాతగ్రంథంలోని పుటలు దిద్దిస్తే, కొంత తీరుతుంది. పుచ్చుకొనేవారే మిగిలి ఇచ్చేవారు లేకపోయిననాడు ఉచితమైనదంతా వ్యాపారుల పాలౌతుంది. తెలుగులో అట్లా కాకుండా చూచుకొనే శక్తి ఇంకా ఉపాధ్యాయుల చేతిలోనే ఉన్నది.